రిపోర్టులో ఏడు ఎర్ర అంకెలు: ఏది నమ్మాలి, ఏది వదిలేయాలి?

ప్రశ్న: డాక్టర్ గారూ, మాది విజయవాడ సత్యనారాయణపురం. నా వయసు 42. బీసెంట్ రోడ్డులో ఒక బట్టల షాపులో లెక్కలు చూస్తాను. ఆరేడు నెలలుగా ఒకటే నీరసం. రెండో అంతస్తు ఎక్కేసరికి ఆయాసం వస్తోంది. తల దువ్వుకుంటే జుట్టు కుచ్చులు కుచ్చులుగా ఊడుతోంది. షాపులో అమ్మాయి చెప్తే, ఇంటికొచ్చి రక్తం తీసుకెళ్ళే ప్యాకేజీ చేయించుకున్నాను. మొత్తం 83 పరీక్షలు. ఫోన్లో రిపోర్టు తెరిస్తే ఏడు అంకెలు ఎర్రగా ఉన్నాయి: హిమోగ్లోబిన్ 9.8, ఎంసీవీ 71, సీరం ఐరన్ 34, ఫెరిటిన్ 8, విటమిన్ డి 14, జింక్ 61, టీఎస్‌హెచ్ 0.21. బి12 238, కాల్షియం 9.1 మాత్రం నల్ల అక్షరాల్లోనే ఉన్నాయి. మందుల షాపులో చూపిస్తే ఐరన్, కాల్షియం, డి పొడి ప్యాకెట్లు, జింక్, మల్టీవిటమిన్ కలిపి సంచీ నిండా ఇచ్చారు. భయమేసి ఇంకా మొదలుపెట్టలేదు. జుట్టు కోసం మూడు నెలలుగా బయోటిన్ మాత్ర మాత్రం వేసుకుంటున్నాను. మేం శాకాహారులం. ఇంట్లో మరో ముగ్గురికి చేయిస్తే ఒకరి డబ్బులు తగ్గిస్తామంటున్నారు. మా వారికి, పదో తరగతి చదివే అమ్మాయికి, 68 ఏళ్ళ అత్తగారికి చేయించమంటారా? అత్తగారికి పదకొండేళ్ళుగా షుగర్, ఈమధ్య అరికాళ్ళు మంటలంటున్నారు. ఇలాంటి పరీక్షలు ఏటా చేయించుకోవాలా? ఇంకో మాట, నాకు నెలసరి ఈమధ్య ఎనిమిది తొమ్మిది రోజులు ఉంటోంది, వయసు వల్లేనేమో.
– పేరు వద్దన్న పాఠకురాలు

సమాధానం: అమ్మా, మీ ఉత్తరం రెండుసార్లు చదివాను. రిపోర్టులోని అంకెలన్నీ ముందు రాసి, నెలసరి సంగతి చివర్లో "ఇంకో మాట" అంటూ ఒక్క ముక్కలో చెప్పారు. నేను ఆ ముక్కతోనే మొదలుపెడతాను. ఆ 83 పరీక్షల్లో ఏ ఒక్కటీ చెప్పలేని సంగతి అది. మీ నీరసానికీ, ఆయాసానికీ, చాలావరకు జుట్టు రాలడానికీ మూలం అక్కడే ఉందని నా అంచనా.

మీ ఏడు ఎర్ర అంకెల్లో నాలుగు చెప్పేది ఒకే కథ. హిమోగ్లోబిన్, ఎంసీవీ, సీరం ఐరన్, ఫెరిటిన్. విడివిడిగా చూసి నాలుగు జబ్బులనుకోకండి. ఫెరిటిన్ అంటే గాదెలో ఉన్న ధాన్యం. సీరం ఐరన్ అంటే ఈ క్షణాన దారిలో పోతున్న బండి మీది బస్తాలు. హిమోగ్లోబిన్ అంటే వండి కంచంలోకి వచ్చిన అన్నం. నెలనెలా ఒంట్లోకి వచ్చేదానికన్నా బయటికి పోయేది ఎక్కువైతే ముందు గాదె అడుగంటుతుంది. అప్పటికి కంచంలో లోటు తెలియదు. ఆ తర్వాతే ఎర్ర రక్తకణాలు చిన్నవవుతాయి, హిమోగ్లోబిన్ దిగుతుంది. ఎంసీవీ అంటే ఆ కణం సైజు. 80 నుంచి 100 ఉండాల్సింది మీకు 71. గర్భం లేని ఆడవాళ్ళకు హిమోగ్లోబిన్ 12కి తగ్గితే రక్తహీనత అని ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క. ఆరోగ్యంగా ఉన్న పెద్దవాళ్ళలో ఫెరిటిన్ 15కి తగ్గితే ఐరన్ లోపం. మీకు 8 అంటే గాదె ఊడ్చిపెట్టినట్టే.

ఫెరిటిన్‌లో ఒక మెలిక ఉంది. జ్వరం, ఇన్ఫెక్షన్, కీళ్ళవాతం, కాలేయ జబ్బు లాంటివి ఉంటే లోపల ఐరన్ లేకపోయినా ఆ అంకె పైకి లేస్తుంది. డెంగ్యూ తగ్గిన వారానికే పరీక్ష చేయించుకుని "ఫెరిటిన్ బ్రహ్మాండంగా ఉంది" అనుకుంటే పొరపాటు. తక్కువగా వస్తే మాత్రం అది ఐరన్ లోపమే, దాదాపు సందేహం అక్కర్లేదు. సీరం ఐరన్ ఒక్కదాన్నీ చూసి నేను ఏదీ తేల్చను. పొద్దున ఒకలా, సాయంత్రం ఒకలా ఉంటుంది. ముందురోజు రాత్రి ఐరన్ మాత్ర వేసుకుంటే ఎగబాకుతుంది.

దేశంలో 15 నుంచి 49 ఏళ్ళ ఆడవాళ్ళలో 57 శాతం మందికి రక్తహీనత ఉందని 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే తేల్చింది. నూటికి యాభై ఏడు మంది. నీరసానికి "ఇంటి పని, షాపు పని, అంతేలే" అని సర్దిచెప్పుకోవడం మన ఆడవాళ్ళకు అలవాటైపోయింది. నా దగ్గరికి వచ్చేసరికి ఒక్కోసారి హిమోగ్లోబిన్ 6 ఉంటుంది. మీరు 9.8 దగ్గరే ఆగి అడిగారు, మంచి పని చేశారు.

ఇప్పుడు చేయాల్సింది చెబుతాను. గైనకాలజిస్టు దగ్గరికి వెళ్ళండి. ఈ నెలలోనే. 42 ఏళ్ళకి తొమ్మిది రోజుల నెలసరిని వయసు మీదికి తోసేయడానికి లేదు. గర్భసంచిలో ఫైబ్రాయిడ్ గడ్డలు ఉన్నాయేమో, లోపలి పొర మందంగా ఉందేమో, థైరాయిడ్ తేడా ఉందేమో చూడాలి. వెళ్ళేముందు ఒక కాగితం మీద రాసుకోండి: రోజుకి ఎన్ని ప్యాడ్లు, గంటా రెండు గంటలకే మార్చాల్సి వస్తోందా, రాత్రి లేచి మార్చుకుంటున్నారా, రక్తం గడ్డలుగా పడుతోందా. ఈ నాలుగు ముక్కలూ, కడుపు స్కానూ కలిపితే చాలావరకు తేలుతుంది. కారణం కనుక్కోకుండా ఐరన్ మింగడమంటే చిల్లుకుండలో నీళ్ళు పోయడమే. కూర్చున్నా ఆయాసం వచ్చినా, గుండె దడదడలాడినా, కళ్ళు తిరిగి పడిపోయినా అపాయింట్‌మెంట్ కోసం ఆగొద్దు, అదే రోజు ఆసుపత్రికి వెళ్ళండి.

ఐరన్ మాత్ర మీకు కావాలి. కానీ దాన్ని వేసుకునే తీరులోనే సగం ఫలితం ఉంది. పరగడుపునో, భోజనానికి రెండు గంటల తేడాతోనో, నిమ్మరసం కలిపిన నీళ్ళతో వేసుకుంటే బాగా ఒంటబడుతుంది. టీ, కాఫీ, పాలతో వద్దు. షాపులో పనిచేసేవాళ్ళు పదకొండింటికో టీ, అన్నం తినగానే ఇంకో టీ తాగుతారు కదా. ఆ రెండోది భోజనంలోని ఐరన్‌ని పేగుల్లో సరిగా ఒంటబట్టనివ్వదు. దాన్ని నాలుగింటికి జరపండి. మీ సంచీలో ఉన్న కాల్షియం మాత్రనూ ఐరన్‌నూ కలిపి వేసుకుంటే కాల్షియం ఐరన్‌కి అడ్డం. ఒకటి పొద్దున, ఒకటి రాత్రి ఉండాలి. కడుపులో తిప్పినా, మలబద్ధకం వచ్చినా మానేయొద్దు, రోజు విడిచి రోజు వేసుకోవచ్చేమో డాక్టరుని అడగండి. అలా కూడా బాగానే పనిచేస్తుంది. అసలు పడకపోతే సెలైన్ ద్వారా ఎక్కించే ఐరన్ ఉంది. విరేచనం నల్లగా వస్తే కంగారు పడకండి, అది ఐరన్ రంగే.

నాలుగు వారాలకు ఒక్క సీబీసీ, అంటే హిమోగ్లోబిన్, రక్తకణాలు చూసే పరీక్ష, చేయించండి. హిమోగ్లోబిన్ కనీసం ఒక గ్రాము పెరగాలి. పెరిగి 12 దాటాక కూడా మాత్రలు ఇంకో మూడు నెలలు వాడాలి. చాలామంది ఇక్కడే ఆపేస్తారు. కంచంలో అన్నం కనిపించగానే గాదె నిండిందనుకుంటారు. మాత్రలు మొదలుపెట్టాక ఫెరిటిన్ మళ్ళీ చూసేది ఆ మూడు నెలలూ అయ్యాకే. మాత్రలు సరిగ్గా వేసుకున్నా హిమోగ్లోబిన్ కదలకపోయినా, గాదె నిండినా ఎంసీవీ 70ల్లోనే ఉండిపోయినా తలసీమియా మైనర్ ఉందేమో చూసే పరీక్ష వేరే ఉంది. అది జబ్బు కాదు, పుట్టుకతో వచ్చే గుణం. అలాంటివాళ్ళు ఏళ్ళ తరబడి ఐరన్ మింగినా ఎంసీవీ మారదు.

తిండి గురించి ఒక మాట. బీట్‌రూట్ ఎర్రగా ఉంటుంది కాబట్టి రక్తం పడుతుందన్నది రంగుని చూసి కట్టిన మాట. తోటకూర పప్పు, నువ్వులు, ఉలవలు, శనగలు, రాగులు తినండి, నిమ్మకాయ పిండుకోండి. కానీ ఆకుల్లో గింజల్లో ఉండే ఐరన్ కొద్దిగానే ఒంటబడుతుంది. ఫెరిటిన్ 8 దగ్గర ఉన్నప్పుడు వంటింటితో గాదె నింపలేం. నింపాక ఖాళీ కాకుండా చూడడానికి వంటిల్లు కావాలి.

ఇక థైరాయిడ్ పనితీరు చెప్పే టీఎస్‌హెచ్ 0.21. మీరు ఎక్కువ భయపడింది దీనికేనని ఉత్తరం చదివితే నాకు అనిపించింది. దీన్ని ప్రస్తుతానికి నమ్మకండి. కారణం మీ బయోటిన్ మాత్ర. మనిషికి రోజుకి కావలసిన బయోటిన్ 30 మైక్రోగ్రాములు. జుట్టు మాత్రల్లో సాధారణంగా 5 నుంచి 10 మిల్లీగ్రాములు ఉంటుంది. 10 అంటే మూడొందల రెట్ల పైమాటే. హార్మోన్లు, విటమిన్లు కొలిచే యంత్రాల్లో చాలావాటికి బయోటినే పట్టుకొమ్మ. పరీక్షలో వాడే రసాయనాన్ని బయోటిన్‌తో అతికించి పట్టుకుంటాయి. మీ రక్తంలోనే బయోటిన్ పొంగిపొర్లుతుంటే ఆ పట్టు జారిపోయి అంకె తప్పుతుంది. ఈ సంగతి మీద అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ 2017లోనే హెచ్చరిక ఇచ్చింది. టీఎస్‌హెచ్ లాంటివి ఉన్నదానికన్నా తక్కువ చూపిస్తాయి. థైరాయిడ్ హార్మోన్ అయిన ఫ్రీ టీ4, బి12, విటమిన్ డి లాంటివి ఉన్నదానికన్నా ఎక్కువ చూపిస్తాయి. ఏ యంత్రం మీద ఎంత తప్పుతుందో బయటినుంచి చెప్పలేం, కొన్నింట్లో అసలు తేడా రాదు.

ఫెరిటిన్ కూడా తక్కువ చూపించే జాతిలోదే కదా, మరి అది అబద్ధమా అని మీరు అడగొచ్చు. మంచి ప్రశ్నే. హిమోగ్లోబిన్‌కీ ఎంసీవీకీ బయోటిన్‌తో సంబంధం లేదు. అవి రెండూ ఐరన్ లోపానికే సాక్ష్యం చెబుతున్నాయి. అందుకే ఆ నాలుగింటినీ కలిపి చదవమన్నాను. ఒక్క అంకె అబద్ధమాడగలదు, వేర్వేరు పద్ధతుల్లో కొలిచిన మూడు నాలుగు కలిసి ఆడడం అరుదు.

బయోటిన్ ఈ రోజే ఆపండి. వారం ఆగి టీఎస్‌హెచ్, ఫ్రీ టీ4, బి12, ఫెరిటిన్, ఈ నాలుగే మళ్ళీ చేయించండి. ఆ వారం సంచీ కట్టేసే ఉంచండి, మల్టీవిటమిన్‌లో కూడా బయోటిన్ ఉండొచ్చు. ఇది చిన్న విషయం కాదు. థైరాయిడ్ మందగిస్తే టీఎస్‌హెచ్ పెరుగుతుంది, నెలసరి ఎక్కువవుతుంది, జుట్టు ఊడుతుంది, నీరసం వస్తుంది. అంటే అసలు టీఎస్‌హెచ్ ఎక్కువ ఉండి, బయోటిన్ దాన్ని దాచిపెట్టి ఉండవచ్చు కూడా. నిజంగా బయోటిన్ లోపంతో జుట్టు ఊడేవాళ్ళు చాలా తక్కువ. ఫెరిటిన్ అడుగంటి ఊడేవాళ్ళను నేను వారం వారం చూస్తాను.

ఎర్రగా ఉన్నదాన్ని నమ్మొద్దన్నాను. ఇప్పుడు నల్లగా ఉన్న ఒకదాన్ని పట్టించుకోమంటాను. అది మీ బి12. 200కి తగ్గితే లోపం అని ఒప్పుకుంటారు. 200 నుంచి 300 మధ్య ఉన్నది సందేహపు మడి, అటూ కావచ్చు ఇటూ కావచ్చు. మీది 238. ల్యాబు అచ్చువేసే హద్దుకి పైన ఉంది కాబట్టి నల్ల అక్షరం పడింది. మీరు శాకాహారులు, బి12 దొరికేది పాలు పెరుగులోనే. పైగా బయోటిన్ దాన్ని పెంచి చూపించి ఉండవచ్చు. ఎంసీవీ చూసి కూడా బి12ని తేల్చలేం. బి12 లోపంలో కణాలు పెద్దవవుతాయి, ఐరన్ లోపంలో చిన్నవవుతాయి. రెండూ ఉంటే పెద్దవీ చిన్నవీ కలిసిపోయి సగటు అంకె మనల్ని ఏమారుస్తుంది. మళ్ళీ చేయించినా సందేహపు మడిలోనే వస్తే బి12 లోపాన్ని పట్టిచ్చే హోమోసిస్టీన్ గానీ మిథైల్ మలోనిక్ యాసిడ్ గానీ చూడమనొచ్చు. నేనైతే మీలాంటివాళ్ళకు బి12 మాత్ర మూడు నెలలు ఇచ్చి చూస్తాను. పరీక్షకన్నా చవక, హాని లేదు. అయితే రక్తం ఇచ్చాకే మొదలుపెట్టాలి. ఇంజెక్షన్ చేయించుకుని పరీక్షకి వెళితే అంకె ఆకాశంలో ఉంటుంది, దాంతో ఎవరికీ ఏమీ తెలియదు.

మీ అత్తగారి అరికాళ్ళ దగ్గరికి వస్తున్నాను. ఇక్కడ మా ఇంటి సంగతి చెప్పాలి. మా అమ్మ కూడా షుగర్‌కి పన్నెండేళ్ళు మెట్‌ఫార్మిన్ వాడింది. పొద్దున లేవగానే ఒక గ్యాస్ మాత్ర. కాళ్ళు మంటలంటే నేను షుగర్ వల్లేనని నరాల మంటకి మాత్ర రాశాను, ఆ తర్వాత దాన్నే పెంచాను. గుంటూరు బ్రాడీపేటలో మా ఇంటి ముందు ఒక ఆదివారం అమ్మ గేటు దాకా నడిచి వెళుతోంది. కుడికాలి చెప్పు మెట్ల దగ్గరే ఊడిపోయింది. అమ్మకి తెలియలేదు. ఒక కాలికి చెప్పుతో, ఒక కాలు ఉత్తదిగా, మండే నాపరాళ్ళ మీద నడిచి వెళ్ళిపోతోంది. లోపలికి తీసుకొచ్చి ట్యూనింగ్ ఫోర్కు మోగించి కాలి బొటనవేలి మీద పెట్టాను. "జుమ్మంటోందా అమ్మా?" అంటే "ఏదో చల్లగా తగిలింది" అంది. చీలమండ మీద పెట్టాను, అదే మాట. మోకాలి మీద పెడితే అప్పుడు "ఆఁ, ఇప్పుడు తెలుస్తోంది" అంది. బి12 చేయిస్తే 118 వచ్చింది.

మెట్‌ఫార్మిన్ ఏళ్ళ తరబడి వాడితే బి12 ఒంటబట్టడం తగ్గుతుంది. గ్యాస్ మాత్ర కడుపులో ఆమ్లాన్ని తగ్గించి దాన్ని ఇంకా తగ్గిస్తుంది. వయసు కూడా తోడవుతుంది. మెట్‌ఫార్మిన్ వాడేవాళ్ళకు అప్పుడప్పుడూ బి12 చూడాలని షుగర్ వైద్య మార్గదర్శకాలు ఏళ్ళుగా చెబుతున్నాయి. నాకూ తెలుసు, పేషెంట్లకు రాశాను కూడా. ఇంట్లో మనిషికి రాయలేదు. ఇంజెక్షన్లు మొదలుపెట్టాక మంటలు నాలుగైదు నెలల్లో చాలావరకు తగ్గాయి. కానీ నరం ఎక్కువకాలం ఆకలితో ఉంటే పూర్తిగా కోలుకోదు. అమ్మ ఇప్పటికీ చీకట్లో గోడ పట్టుకునే నడుస్తుంది.

అందుకని మీ ఇంట్లో అందరికన్నా ముందు పరీక్ష కావాల్సింది మీ అత్తగారికి. 83 కాదు. బి12, సీబీసీ, కిడ్నీల పనితీరు చెప్పే క్రియాటినిన్, మూడు నెలల షుగర్ సగటు చెప్పే హెచ్‌బీఏ1సీ, అంతే. ఆవిడ ఏ షుగర్ మాత్ర వాడుతున్నారో చీటీ చూడండి. మెట్‌ఫార్మిన్ అయినా సొంతంగా ఆపొద్దు, బి12 పక్కన ఇస్తే సరిపోతుంది. ఒక్క జాగ్రత్త: ఫోలిక్ యాసిడ్ ఒక్కటే ఉన్న మాత్ర మొదలుపెట్టొద్దు. అది రక్తహీనతని సరిచేసి బి12 లోపాన్ని కప్పిపెడుతుంది, నరం మాత్రం లోపల పాడవుతూనే ఉంటుంది.

విటమిన్ డి 14. రోహిణి కార్తెకి రోళ్ళు పగిలే ఊళ్ళో ఉంటూ డి తక్కువేమిటని మీకు అనిపించి ఉంటుంది. ఊళ్ళో ఎండ ఉంటే చాలదు, అది చర్మం మీద పడాలి. పొద్దున తొమ్మిదింటికి షాపులోకి వెళ్ళి రాత్రి బయటికి వచ్చేవాళ్ళ మీద పడదు. అద్దంలోంచి వచ్చే ఎండలో డి తయారుచేసే కిరణం ఉండదు. చీర కొంగు, చున్నీ, గొడుగు ఉండనే ఉన్నాయి. మన చామనఛాయకి తెల్లవాళ్ళకన్నా ఎక్కువసేపు ఎండ కావాలి. పొద్దుటి ఏటవాలు ఎండలో ఆ కిరణం బాగా తక్కువ, పది దాటాక ఎక్కువ. మే నెలలో మధ్యాహ్నం నిలబడమని నేను చెప్పను, వడదెబ్బ డి కన్నా పెద్ద ప్రమాదం.

20కి తగ్గితే తక్కువేనని చాలామంది ఒప్పుకుంటారు, కాబట్టి మీ 14కి మందు వాడొచ్చు. మన దగ్గర వాడుకలో ఉన్నది 60,000 యూనిట్ల ప్యాకెట్, వారానికి ఒకటి, ఎనిమిది వారాలు. ఆ తర్వాత ఎంతన్నది డాక్టరు చెబుతారు. అయితే 20 నుంచి 30 మధ్య వచ్చినా ల్యాబులు "లోపం" అన్నట్టు ఎర్రరంగు వేస్తాయి. ఆ 30 హద్దుని 2011లో పెట్టిన హార్మోన్ వైద్యుల సంఘం ఎండోక్రైన్ సొసైటీయే 2024లో దాన్ని వదిలేసింది. ఆరోగ్యంగా ఉన్న పెద్దవాళ్ళకు మామూలుగా డి పరీక్ష అక్కర్లేదని కూడా అప్పుడే చెప్పింది.

వారానికి ఒకటి అన్న మాట మళ్ళీ రాస్తున్నాను, వారానికి ఒకటి. పొన్నూరు వైపు నుంచి ఒక రైతుని తీసుకొచ్చారు. వాంతులు, తీరని దాహం, మాట తడబాటు. ఇంట్లోవాళ్ళు పక్షవాతమనుకున్నారు. కాల్షియం 13.8 ఉంది. మోకాళ్ళ నొప్పులకని ఎవరో ఇచ్చిన డి ప్యాకెట్లు రోజుకొకటి చొప్పున రెండు నెలలు పాలల్లో కలుపుకుని తాగాడు. ఇచ్చినవాళ్ళు వారానికి ఒకటని నోటితో చెప్పలేదు. డి కొవ్వులో దాక్కునే విటమిన్, మూత్రంలో పోయేది కాదు. ఆయన కోలుకోవడానికి వారాలు పట్టింది. మీ సంచీలో ఎన్ని ప్యాకెట్లు ఉన్నాయో లెక్కపెట్టండి.

కాల్షియం 9.1 అంటే ఎముకలు గట్టిగా ఉన్నాయని కాదు, బలహీనంగా ఉన్నాయనీ కాదు. ఒంట్లోని కాల్షియంలో 99 శాతం ఎముకల్లో ఉంటుంది. రక్తంలో తగ్గితే శరీరం ఎముకలోంచి తీసి సర్దేస్తుంది. మీకు కాల్షియం మాత్ర అవసరమా అన్నది మీరు రోజూ తాగే పాలు, తినే పెరుగు, రాగి జావ చూసి చెప్పాలి. జింక్ 61ని వదిలేయండి. తిన్నారా లేదా, ఉదయమా సాయంత్రమా అన్నదానికే అది అటూ ఇటూ అవుతుంది.

ఏటా ప్యాకేజీ అడిగారు. వద్దంటాను. ఎందుకో వినండి. చాలా పరీక్షలకు ల్యాబు వేసే హద్దులు ఎలా వస్తాయంటే, ఆరోగ్యవంతుల్ని కొలిచి మధ్యలో ఉన్న 95 మందిని "మామూలు" అంటారు. కింద రెండున్నర, పైన రెండున్నర శాతం ఏ జబ్బూ లేకుండానే హద్దు దాటుతారు. అలాంటి పరీక్ష ఒకటి చేస్తే ఎర్ర అంకె వచ్చే అవకాశం నూటికి 5. దేనికది విడిగా ఉండే పరీక్షలు 20 చేస్తే కనీసం ఒక్కటైనా ఎర్రగా వచ్చే అవకాశం నూటికి 64. 40 చేస్తే 87. ఇక 83 చేస్తే ఒక్క ఎర్ర అంకె కూడా లేని ఆరోగ్యవంతుడు దొరకడం కష్టం. ఆ ఎర్ర అంకె పట్టుకుని నిద్రలేని రాత్రులు, మళ్ళీ పరీక్షలు, అక్కర్లేని మాత్రలు. ఆ టెన్షన్ నేను గదిలో ఎదురుగా కూర్చుని చూస్తుంటాను, అందుకే గట్టిగా చెబుతున్నాను.

మీ వారికి ఏ బాధా లేకపోతే బీపీ, షుగర్, కొలెస్ట్రాల్ చాలు. ఎప్పుడైనా మగవాళ్ళలో గానీ, నెలసరి ఆగిన ఆడవాళ్ళలో గానీ ఐరన్ లోపం బయటపడితే మాత్రం కడుపులో, పేగుల్లో ఎక్కడైనా రక్తం పోతోందేమో చూడాలి. మాత్రలతో సరిపెట్టకూడదు. అమ్మాయికి ఒక్క సీబీసీ చేయించండి, అది కొన్ని వందల రూపాయల్లో అయిపోతుంది. పదో తరగతి పిల్ల, నెలసరి ఉంటుంది, శాకాహారం, ట్యూషన్ల హడావిడిలో టిఫిన్ మానేయడం. హిమోగ్లోబిన్ తక్కువ ఉంటే చదువు తలకెక్కట్లేదని తిట్లు తింటుంటారు. ప్రభుత్వ బడి అయితే వారానికొకసారి ఇచ్చే నీలం రంగు ఐరన్ మాత్ర, ఆరు నెలలకోసారి ఇచ్చే నులిపురుగుల మాత్ర పారేయకుండా వేసుకోమనండి.

మళ్ళీ రక్తం ఇచ్చేటప్పుడు కొంచెం చూసుకోండి. పొద్దున్నే వెళ్ళండి, మంచినీళ్ళు తాగొచ్చు. ల్యాబుల నాణ్యత చూసి ఇచ్చే ఎన్‌ఏబీఎల్ గుర్తింపు ఉన్న ల్యాబు అయితే మేలు. గొట్టం మీద మీ పేరు మీ ముందే రాయమనండి. ఊదారంగు మూత గొట్టం సీబీసీకి, దాన్ని నెమ్మదిగా ఎనిమిది పదిసార్లు తిరగేయాలి, లేకపోతే రక్తం గడ్డకడుతుంది. మిగతావి ఎర్ర లేక పసుపు మూత గొట్టంలోకి పోతాయి. ఊదా గొట్టంలోని రక్తం ఇంకో దాంట్లోకి వంపకూడదు, అందులోని మందు వల్ల పొటాషియం అబద్ధంగా పెరుగుతుంది, కాల్షియం తగ్గుతుంది. ఇంటికొచ్చి తీసుకెళితే చల్లని పెట్టె ఉందో లేదో చూడండి. ఒకసారి నా రక్తమే ఇలా తీసుకెళ్ళి ఎండలో మూడు గంటలు తిప్పారు. పొటాషియం 6.3 అని ఫోన్ వచ్చింది. పరుగెత్తి ఈసీజీ తీయించుకుంటే మామూలుగా ఉంది, ల్యాబులోనే కూర్చుని మళ్ళీ ఇస్తే 4.2. అందుకే వేసవిలో ల్యాబుకి నేరుగా వెళ్ళండి. సూర్యారావుపేట మీకు ఎంత దూరమని.

టీఎస్‌హెచ్, బి12 రెండోసారి ఎంత వచ్చాయో, స్కాన్‌లో గర్భసంచి లోపలి పొర ఎన్ని మిల్లీమీటర్లని రాశారో నాకు పంపండి. అత్తగారిని ఈ రాత్రి పడుకునేముందు కళ్ళు మూసుకోమని, ఒక్కో కాలివేలినీ మెల్లగా తాకి ఏ వేలో చెప్పమనండి. తడబడితే మీ పరీక్షలకన్నా ముందు ఆవిడని తీసుకెళ్ళండి.